వాలు అక్షరాలు

పరిశోధన పత్రంలో సింహాచలమ్మ పేరు లేదు. పని ఆమెది, పేరు పరిశోధన కేంద్రం పెద్దసారుది. తొమ్మిది పేజీలు, నాలుగు పట్టికలు, రెండు ఫోటోలు. ఫోటోల్లో ఉన్న చేతులు ఆమెవే. ముఖం లేదు. లోపల రెండుచోట్ల "ఒక స్థానిక మత్స్యకార స్త్రీ" అని రాశారు. దానితో సరిపెట్టారు.

పద్నాలుగేళ్లుగా కన్నారావు ఈ మాట చెబుతున్నాడు. చేపల పరిశోధన కేంద్రానికి బదిలీ మీద వచ్చిన ప్రతి సైంటిస్టుకూ మొదటి వారంలోనే చెబుతాడు. టీ గ్లాసు బల్ల మీద పెట్టి, ఖాళీ ట్రే చంకలో పెట్టుకుని, నిలబడి చెబుతాడు. ఆమె తన భార్య అని ఆఖర్న చెబుతాడు. వాళ్లు అయ్యో అనేలోపు గది దాటిపోతాడు. అయ్యో అనిపించుకోవడం అతనికి ఇష్టం లేదు.

ఆ ఉదయం ఏడున్నరకే అతను జాడీల గదిలో ఉన్నాడు. ఇంటి దగ్గర, ప్రోతరాపూర్‌లో మొదటి బస్సు ఎక్కుతాడు. బస్సు బోర్డు మీద ఊరికి కొత్త పేరు వచ్చింది. కండక్టరు మాత్రం పోర్ట్ బ్లెయిర్ అనే అరుస్తాడు. అందరికంటే ముందు వచ్చి కిటికీలు తెరిస్తే తప్ప ఆ గదిలో మందు వాసన పోదు. మూడు గోడల నిండా గాజు జాడీలు, జాడీల్లో చేపలు. నెలకోసారి మూతలు తీసి, చేపలు చెడకుండా తగ్గినంత మందు పోయాలి. ముప్పై ఒక్క ఏళ్లుగా పోస్తున్నాడు. ఆ మందుకు అతని వేళ్ల కొసలు తెల్లబడి, చర్మం గట్టిపడి, పాత చెప్పు తోలులా తయారయ్యాయి. ఎడమ కన్ను ఎప్పుడూ కొద్దిగా కారుతుంది. పొట్టి మనిషి. ఖాకీ చొక్కా భుజాల దగ్గర వదులు. సింహాచలమ్మ పోయాక చిక్కాడు గానీ చొక్కా మార్చలేదు. నాలుగేళ్లయింది.

కొత్త సైంటిస్టు ధరణి గుమ్మంలో నిలబడింది. "అంకుల్, తొమ్మిదింటి ఫెర్రీ. రెడీయా?"

"మీదే లేటు మేడమ్," అన్నాడు కన్నారావు, మూత బిగిస్తూ.

మామూలుగా అయితే ఆ పిల్ల నవ్వేది. ఈ రోజు నవ్వలేదు. భుజానికి సంచి. సంచిలో దళసరి ఫైలేదో ఉంది. దాన్ని ఒక చేత్తో అదిమి పట్టుకుంది.

ధరణికి ఇరవై తొమ్మిదేళ్లు. ఈ ఊళ్లోనే, లంబాలైన్‌లో పుట్టింది. తాతది టెక్కలి వైపు. తెలుగు గలగలా మాట్లాడుతుంది, చదవడం మాత్రం కూడబలుక్కుని. రెండు నెలల క్రితం ఉద్యోగంలో చేరింది. మొదటి వారంలో కన్నారావు ఆమెకూ చెప్పాడు. అందరిలా అయ్యో అనలేదు. "దీనికేదో చెయ్యాలి అంకుల్," అంది. ఆ సాయంత్రం బస్సులో అతను దిగాల్సిన చోటు దాటిపోయాడు. ఎందుకో అతనికే తెలుసు.

చెయ్యడానికి దారి కూడా దొరికింది. పాత పత్రాల్లో పదింటిని తీసి, ఒక్కొక్కటీ జనానికి ఎంత పనికొచ్చిందో కొత్త పద్ధతిలో లెక్కగట్టి పంపమని పైనుంచి కాగితం వచ్చింది. ఆ నివేదికలో ఒక గడి ఉంది: ఈ పనికి తోడ్పడి, పత్రంలో పేరు రానివారు. పదింటిలో ధరణి మొదట ఎంచింది సింహాచలమ్మ పత్రాన్నే, పందిరి మీద చేపలు ఎండబెట్టడం గురించిన దాన్ని. నివేదిక ఈ సాయంత్రం వెళ్లాలి. ఈ సాయంత్రానికి ఆ గడిలో పేరు పడితే పడినట్టు. లేకపోతే ఇక ఎప్పటికీ పడదు.

చాతం జెట్టీలో కోత మిల్లు వైపునుంచి తడి చెక్క వాసన వస్తోంది. ఫెర్రీలో మోటారు సైకిళ్లు, కూరగాయల బుట్టలు, బంబూఫ్లాట్ స్కూలు టీచర్లు. కన్నారావు రెయిలింగు పక్కన నీడ చూసి ధరణిని కూర్చోబెట్టి, తను ఎండలో నిలబడ్డాడు.

"ఆ కొత్త లెక్కేటో మళ్లీ చెప్పండి మేడమ్. నాకు ఒంటబట్టలేదు."

"పాత పద్ధతిలో, ఈ పేపర్ని ఇంకెన్ని పేపర్లు తలుచుకున్నాయి అని చూస్తారు. దీన్ని మూడే తలుచుకున్నాయి. అందులో ఒకటి సార్ రాసిందే."

"తనని తనే తలుచుకున్నాడన్నమాట."

"అందరూ చేస్తారు అంకుల్. కొత్త పద్ధతిలో న్యూస్‌లో వచ్చిందా, సర్కార్ ఆర్డర్‌లో వాడుకున్నారా, ఫోన్లలో తిరిగిందా, జనం పనిలో పెట్టారా అని చూస్తారు. కంప్యూటరే మొత్తం వెతికి స్కోర్ ఇస్తుంది."

"ఇచ్చిందా?"

"ఇచ్చింది. జీరో."

కన్నారావు ముక్కుతో నవ్వాడు. "అదీ సారు మనిషే అయ్యుంటాది."

"కాదు. ప్రతి పేపర్‌కీ ఒక నంబర్ ఉంటుంది. ఎక్కడైనా ఆ నంబర్ కనపడితేనే కంప్యూటర్ లెక్కలో వేసుకుంటుంది. చేపలు ఎండబెట్టే దీదీలు నంబర్ రాసి ఎండబెడతారా? అందుకే నడిచి లెక్కపెడదామని." ధరణి నీళ్ల వైపు చూసింది. సంచి మీద చెయ్యి తియ్యలేదు. "అంకుల్, సార్ ఆవిడ పేరు ఎందుకు వెయ్యలేదంటారు?"

"ఎయ్యడు. పెద్దోళ్లు ఎయ్యరు."

"మీరు అడిగారా?"

"అడిగే ఉద్యోగమా నాది?"

ఫెర్రీ అవతలి ఒడ్డున బంబూఫ్లాట్‌లో ఆగింది.

పానీఘాట్ వైపు ఆటోలో వెళ్లారు. కన్నారావు పదమూడేళ్లుగా ఆ దారిన రాలేదు. ఉద్యోగం పర్మినెంటయ్యాక ఇల్లు అక్కడినుంచి ప్రోతరాపూర్‌కు మార్చాడు. సింహాచలమ్మ ఏడాదికి రెండుమూడుసార్లు వచ్చిపోయేది. అతను ఏదో ఒక పని చెప్పి ఆగిపోయేవాడు.

రేవు ఒడ్డున ఇళ్ల ముందు పందిళ్లు. నడుం ఎత్తున వెదురు గుంజలు, వాటి మీద బిగించి కట్టిన పాత నైలాన్ వలలు, వలల మీద ఒక్క వరసగా పరిచిన నెత్తళ్ల చేపలు. సన్నటి వెండి పుల్లల్లా మెరుస్తున్నాయి. ప్రతి పందిరీ సముద్రం వైపు జానెడు వాలి ఉంది. కడిగిన నీళ్లు అటు జారిపోవాలని. ఇసుకలో ఒక్క చేప లేదు. కన్నారావు కళ్లు ఆ వాలు మీదే ఆగిపోయాయి. జానెడంటే జానెడే. ఎవరూ కొలత మార్చలేదు.

నెత్తళ్లు తిరగేస్తున్న అమ్మాయి ధరణిని పైకీ కిందికీ చూసింది. పేరు స్వాతి అని తర్వాత తెలిసింది. "సర్వేనా దీదీ? ఏమన్నా ఇస్తారా, ఫోటో తీసుకుని ఎల్లిపోతారా?"

"లెక్కపెట్టుకుని వెళ్లిపోతాను."

"అచ్ఛా, చేపల్నా?"

"పందిళ్లని."

"ఇంకేం, సాయంత్రం దాకా పడతాది," అని పక్కామెతో కలిసి నవ్వింది.

రెండు గంటలు పట్టింది. ధరణి ఒక్కో పందిరి దగ్గరా ఆగి, ఎప్పుడు వేశారో, ఎవర్ని చూసి వేశారో అడిగి రాసుకుంది. కన్నారావు గొడుగు పట్టాడు. అరవై మూడు పందిళ్లు. అందరూ ఒకటే చెప్పారు. ఆఫీసోళ్ల పందిరి. ఆఫీసోళ్లు కరపత్రం పంచారు, మేం వేసుకున్నాం. స్వాతి ఫోనులో వీడియో చూపించింది. పందిరి ఎలా కట్టాలో తను తీసిందే. వెనక పాట, ముందు తన గొంతు. "ఎనభై రెండు వేల మంది చూసినారు దీదీ. కింద చూడండి, కళింగపట్నం, బారువ, అక్కడోళ్లు కూడా కట్టుకుని ఫోటోలు పెడతన్నారు."

ధరణి ఆ ఫోటోలు ఒక్కొక్కటే కన్నారావుకు చూపించింది. ఎక్కడో మెయిన్‌లాండ్‌లో, అతను ఎన్నడూ చూడని ఒడ్డున, నడుం ఎత్తున వల. జానెడు వాలు.

అతను ఫోను తిరిగి ఇచ్చేసి కన్ను తుడుచుకున్నాడు. ఎడమ కన్ను ఎప్పుడూ కారేదే.

మొదటి పందిరి కట్టిన రోజు అతనికి బాగా గుర్తుంది. జెట్టీ మెట్ల మీద జారిపడి సింహాచలమ్మ పదకొండు రోజులు మంచం మీద ఉంది. పన్నెండో రోజు పడవలు నిండా నెత్తళ్లతో వచ్చాయి. గోడ పట్టుకుని లేచింది. గుంజలు పాతమంది. చేపలకి మంచమేటే అని అతను వేళాకోళం చేశాడు. "నాను వొంగలేను. మరి సేపలే పైకి రావాల," అంది. మొదటి రోజు సమంగా కట్టాడు. నీళ్లు నిలిచాయి. రెండో రోజు ఆమె ఒక వైపు గుంజలు జానెడు తగ్గించమంది. రెండు రోజుల్లో చేప గలగల ఎండింది. పళ్ల కింద ఇసుక లేదు, పురుగు లేదు. అన్నం డబ్బాలో అతను తెచ్చుకున్న ఆ చేపల వేపుడే పెద్దసారు ఒకరోజు రుచి చూశాడు. నమిలి, ఆగి, "ఇందులో ఇసుకేదీ?" అన్నాడు. అక్కడ మొదలైంది. తర్వాత రెండేళ్లు సారు కొలతలు, సీసాలు, త్రాసులు పట్టుకుని వాళ్ల ఇంటికి వచ్చాడు. సింహాచలమ్మ ఆయనకు స్టూలు వేసి, గుప్పెడు చేపలు తూకానికిస్తూ, మబ్బు చూసి వానెప్పుడో చెప్పేది. సారు అదీ రాసుకునేవాడు.

"ఒలమ్మా, కన్నారావా!"

చివరింటి అరుగు మీద కామమ్మ. డెబ్బై అయిదు దాటి ఉంటాయి. పాత పొరుగు. "ఇన్నాళ్లకి దారి కనపడిందేటి? పర్మినెంటు నౌకరీ వొచ్చినాక పానీఘాట్ కంపు కొట్టేసినాది నీకు."

"పనుండి వచ్చినాను కామమ్మత్తా."

"పని లేకపోతే వొస్తావేటి." ధరణి వైపు తిరిగింది. "ఈ పిల్లెవరు? ఆఫీసరా? సిన్న గుంటలా ఉంది. తిండి పెడతన్నావా లేదా?"

ధరణి అరుగు అంచున కూర్చుంది. "అమ్మమ్మా, ఈ పందిరి మొదట ఎవరు వేశారు?"

వెనకాలే వచ్చిన స్వాతి అందుకుంది. "చెప్పినాను కదా దీదీ, ఆఫీసోళ్లు..."

"నీ మొకం. ఆఫీసోళ్లకి నెత్తలికీ కవ్వలికీ తేడా తెల్దు. ఇది సింహాచలమ్మది. ఈడి పెళ్లాం. అదిగో, ఆ కొబ్బరి మొక్క కాడ ఉండేది ఆళ్ల ఇల్లు. నడుం ఇరిగి, వొంగలేక ఏసింది. నాలుగో రోజుకి నానేసినాను. నన్ను సూసి మిగతావోళ్లు. కాయితాలు పంచడం తర్వాతి మాట."

ధరణి గబగబా రాసుకుంది. కన్నారావు గొడుగు మూశాడు. మళ్లీ తెరిచాడు. ఇంతమంది ముందు ఆ మాట ఒకరి నోటినుంచి వినడం అతనికి ఇదే మొదలు.

ధరణి పెన్ను ఆపింది. తల ఎత్తకుండా అడిగింది. "ఆవిడకి పేరు ఇష్టం లేదా అమ్మమ్మా? వద్దందా?"

"ఎవులు, సింహాచలమ్మా?" కామమ్మ నోరంతా తెరిచి నవ్వింది. "పేరంటే సచ్చిపోయేది. పుస్తకంలో నా పేరు పడినాదప్పా అని ఈ రేవంతా తిరిగి సెప్పుకుంది. ఇంగిలీసులో ఉందంట, వాలుగా ఉందంట. నా ఇంటికొచ్చి ఏలితో గాలిలో రాసి సూపించింది." నవ్వు ఆపి కన్నారావు వైపు చూసింది. "మరి ఈ పిల్లేటి, వొద్దందా అంటాది?"

కొబ్బరి మొక్క దగ్గర కుక్క ఒకటి గోక్కుంటోంది. కన్నారావు దాన్ని చూశాడు.

"ఫెర్రీ టైమవుతోంది మేడమ్," అన్నాడు.

తిరుగు పడవలో ధరణి తన డబ్బాలోని పూరీలు రెండు మూత మీద పెట్టి అతని వైపు జరిపింది. అతను తీసుకున్నాడు. తిన్నాడో లేదో ఆమె చూడలేదు.

మూడున్నరకు ఆఫీసులో ఎవరూ పెద్దగా లేరు. ధరణి తన గది తలుపు దగ్గరగా వేసి, అతన్ని కుర్చీలో కూర్చోమంది. ముప్పై ఒక్క ఏళ్లలో ఆ గదిలో అతను కుర్చీలో కూర్చోలేదు. అంచున కూర్చున్నాడు. ఆమె సంచిలోంచి ఫైలు తీసింది.

"నిన్న రికార్డు రూంలో దొరికింది. సార్ పాత ఫైలు. పొద్దున్నుంచి మీకు చూపిద్దామనే. వాళ్ల ముందు తియ్యలేకపోయాను."

హిందీలో, ఇంగ్లీషులో అచ్చు వేసిన పాత ఫారం. పరిశోధనలో పాల్గొన్నవారి పేరు ప్రచురించవచ్చునా? అవును, కాదు. కాదు అన్న చోట టిక్కు. కింద తెలుగులో, గుండ్రటి బడిపిల్లల అక్షరాల్లో ఒక వాక్యం. *నా భార్య పేరు ఎక్కడా వేయవద్దు. కన్నారావు.* దాని కింద సింహాచలమ్మ వేలిముద్ర. పక్కన పెన్సిలుతో సారు ఇంగ్లీషులో రాసుకున్న ముక్క ధరణి చదివి చెప్పింది. "మళ్లీ అడిగాను. భర్త ఒప్పుకోలేదు."

"మీ రైటింగేనా అంకుల్?"

"నాదే."

"రెండు నెలల్నుంచి నాతో కూడా సార్‌ని తిట్టించారు." ఆమె ఫారాన్ని అతని ముందుకు తోసింది. "సార్ పోయి ఏడాదయింది, తెలుసా మీకు?"

"తెలుసు."

"తెలిసి కూడా అంటున్నారా?"

"పోయినోళ్లు బదులు చెప్పరు కదా."

ధరణి కుర్చీ దగ్గరకి జరుపుకుని మెల్లగా అంది. "రూల్ ఉంది అంకుల్. మనిషి వద్దంటే పేరు వెయ్యకూడదు. మనిషి లేనప్పుడు ఇంటివాళ్లు రాసివ్వాలి. ఎందుకు వద్దన్నారో, ఇప్పుడెందుకు వెయ్యమంటున్నారో. లేకపోతే ఆ గడి ఖాళీగానే వెళ్తుంది. నేను బలవంతం చెయ్యను."

కన్నారావు తెల్లబడిన వేళ్లతో మోకాలు రుద్దుకున్నాడు.

"అప్పుడు నేను రోజుకూలీ మజ్దూర్‌ని. చేరి అప్పటికి పదిహేడేళ్లు. పర్మినెంటు లిస్టు మెయిన్‌లాండ్ ఎల్లింది. మీ ఇంటోళ్ల పేర్లు ప్రాజెక్టుల్లో కనబడితే లిస్టులోంచి తీసేస్తారు అని క్యాంటీన్లో ఎవడో అన్నాడు."

"నిజమేనా అది?"

"కనుక్కోలేదు. భయమేసింది."

"ఆవిడకి చెప్పారా?"

అతను తల ఊపాడు. లేదని.

ధరణి ఫైలులోంచి అచ్చుపత్రం తీసింది. అంచులు పసుపెక్కాయి. మొదటి పేజీ తిప్పి బల్ల మీద పెట్టింది. "ఇంకొకటి. అన్ని పేజీలూ క్లీన్‌గా ఉన్నాయి. ఇక్కడ మాత్రం ఈ మరకేంటి?"

రెండో పేజీ మధ్యలో, బొటనవేలి గోరంత మేర కాగితం పారదర్శకంగా మారింది. చేప నూనె. ఆ మరక కింద ఉన్న మాట మాత్రం మిగతా అక్షరాల్లా నిటారుగా లేదు. వాలుగా ఉంది.

కన్నారావు దాన్ని చూసి కళ్లు మూసుకున్నాడు. తెరిచి, బల్లతో చెబుతున్నట్టు చెప్పాడు.

"అచ్చయ్యి వచ్చినరోజు ఇంటికి పట్టుకెళ్లినాను. నా పేరేదీ అంది. పొయ్యి కాడ కూచుంది. చేతులు కడుక్కోలేదు. నాకు ఏం చెప్పాలో తెలీలేదు. ఈ మాటొక్కటీ వాలుగా ఉంది. మిగతా వాటికంటే అందంగా ఉంది. ఇదే అన్నాను."

ధరణి వంగి చూసింది. ఆమెకు చదవనక్కర్లేకపోయింది. అది నెత్తళ్ల శాస్త్రీయ నామం. చేపల పేర్లు వాలు అక్షరాల్లోనే వేస్తారు.

"ఇంత పొడుగు పేరా నాది అంది. ఇంగ్లీషులో అంతే అన్నాను. ఏలు పెట్టి, ఒక్కొక్క అక్షరం తడిమింది. పొయ్యి మీద కూర మాడిపోయింది. ఆ రోజు మాడిన కూరే తిన్నాం." అతను ఆగాడు. "ఇంట్లో ఉంచితే కూతురు చదివేస్తాది. టెన్త్‌లో ఉంది అప్పుడు. మర్నాడే తెచ్చి ఫైల్లో పెట్టేసినాను. అడిగితే, ఆఫీసు కాగితం, ఆఫీసులోనే ఉండాలన్నాను. అవును, అక్కడే ఉండాల, పెద్దోళ్లు సూస్తారు అంది."

బయట ఎవరో సైకిలు స్టాండు వేశారు.

"పోయేముందు ఆస్పత్రిలో మూడు రోజులుంది. ఆఖరి రోజు పొద్దున్న నర్సమ్మ జడేస్తోంది. ఆవిడది కేరళ. భాష రాదు. ఆవిడతో చెబుతోంది ఇది, నా పేరు పుస్తకంలో ఉంది తెలుసా అని. నర్సమ్మ నవ్వి హా హా అంది. నన్ను చూపించి, ఈయన్ని అడుగు అంది. నర్సమ్మ నా వైపు చూసింది. నేనూ హా అన్నాను." కన్నారావు పత్రాన్ని కొద్దిగా పక్కకి జరిపాడు. "టీ తెద్దామని కిందికి దిగినాను. వచ్చేసరికి అయిపోయింది. జడ సగమే వేసుంది."

అతను చొక్కా జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకున్నాడు. చెయ్యి చాచాడు. ధరణి తెల్ల కాగితం, పెన్ను ఇచ్చింది. చాలాసేపు పట్టింది. రాసిందేమో మూడు ముక్కలు. *ఆమె వద్దనలేదు. నేను వద్దన్నాను, ఆమెకు చెప్పలేదు. పేరు వేయండి.* కింద సంతకం, తారీఖు.

ధరణి కూడబలుక్కుంటూ చదివింది. రెండోసారి చదివింది. కంప్యూటర్ తన వైపు తిప్పుకుని, అరవై మూడు పందిళ్లు, ఎనభై రెండు వేలు, కామమ్మ మాట, అన్నీ ఎక్కించింది. ఆఖర్న ఆ గడి దగ్గర ఆగి, ఇంగ్లీషులో సింహాచలమ్మ పేరు కొట్టి, తెర అతని వైపు తిప్పింది.

కన్నారావు కళ్లజోడు సర్దుకుని ఒక్కొక్క అక్షరం చూశాడు. ఇంగ్లీషు అతనికి రాదు గానీ అక్షరాల బొమ్మలు తెలుసు.

"ఇది వాలుగా వెయ్యొచ్చా?"

"మనుషుల పేర్లు అలా వెయ్యరు అంకుల్. చేపలకే..." ధరణి ఆగిపోయింది. పేరు మీద గీత లాగినట్టు మౌసు జరిపి, ఏదో నొక్కింది. పన్నెండు పదమూడు అక్షరాలు గాలికి వంగినట్టు ఒక్కసారి పక్కకు వాలాయి.

అతను చూశాడు. తెర మీద వేలు పెట్టబోయి ఆపుకున్నాడు. కళ్లజోడు మడిచి జేబులో పెట్టుకుని లేచాడు. చీకటి పడకముందే అయిదింటి బస్సు అందుకోవాలి.

"పంపేసినావా?"

"పంపేశాను."

"సారు గురించి ఇంకెవరికీ చెప్పను," అన్నాడు. ధరణి ఏదో అనబోయింది. అతను చెయ్యి అడ్డం పెట్టాడు. "నా గురించి కూడా చెప్పను. ఇవాళ నువ్వు అడిగినావు, చెప్పినాను. అయిపోయింది. ఈ మాట ఇంక నన్ను అడక్కమ్మా. కూతురు అడిగినా చెప్పను. నేనెవరితోనూ ఎత్తను."

రెండు నెలల్లో మొదటిసారి అతను ఆమెను మేడమ్ అనలేదని ధరణికి తర్వాత తట్టింది. అప్పటికి వరండాలో అడుగుల చప్పుడు ఆగిపోయింది.

బల్ల మీద అచ్చుపత్రం తెరిచే ఉంది. కిటికీలోంచి పడుతున్న ఆఖరి వెలుతురుకు ఆ వేలి మరక ఒక్కటే వెలుగుతోంది. దాని లోంచి వెనక పేజీ అక్షరాలు తిరగబడి కనిపిస్తున్నాయి.